నాలుగు ఉల్లిపొరలు

మా బాపు దగ్గర కొలతలు మూడే ఉండేవి. గోరు, ఉల్లిపొర, వెంట్రుక. గోరంత తీయాలంటే పెద్ద పని, పొద్దుగూకే దాకా గ్రైండర్ మోగుతూనే ఉంటుంది. వెంట్రుకంత తీయాలంటే గ్రైండర్ పక్కన పెట్టేసి గరుకు కాగితంతో రుద్దడమే. ఈ రెండింటి మధ్య లోకంలో ఉన్న దూరాలన్నీ ఉల్లిపొరల్లోనే లెక్క.

నేను మెకానికల్ డిప్లొమా చదివినదాన్ని. మొదటి ఏడాది చేతికి మైక్రోమీటర్ రాగానే చేసిన మొదటి ఘనకార్యం, అమ్మ బుట్టలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి, పైన ఎర్రగా ఎండి కరకరలాడుతున్న పొర ఒలిచి, కొలవడం. 0.18 మిల్లీమీటర్లు వచ్చింది. వర్క్‌షాపు గోడ మీద క్యాలెండర్ పక్కన స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి పెట్టాను: 1 ఉల్లిపొర = 0.18. బాపు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూసి, "ఉంటదేమో" అన్నాడు. జన్మలో ఆయన మిల్లీమీటరుకు ఇచ్చిన మర్యాద అంతే.

ఆ రాత ఆరేళ్ళు గోడ మీద ఉంది. పోయిన ఎండాకాలం దాకా దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. దాన్ని ఎవరూ వాడలేదు కాబట్టి.

మా వర్క్‌షాపు ముంబై కామాటిపుర తొమ్మిదో గల్లీలో, మేముండే చాళ్ కిందే. చాళ్ అంటే వరసగా ఒంటిగది ఇళ్ళున్న పాత మేడ. వెడల్పు తలుపున్నర. తాత గోడలకు సున్నపు గచ్చు చేసేవాడు, ఆ మూడు కొలతలూ ఆయన దగ్గర నుంచి వచ్చినవే. బాపు దగ్గరికొచ్చేసరికి గోడలు ఇంజన్ లోపలికి వెళ్ళాయి. ఇంజన్‌కి పైన తలకాయలా ఒక అల్యూమినియం దిమ్మె ఉంటుంది, హెడ్ అంటారు. గాలి లోపలికి వెళ్ళేదీ పొగ బయటికొచ్చేదీ దాని బొక్కల్లోంచే. ఆ బొక్కలే పోర్టులు. కంపెనీ వాటిని గరుకుగా, ఇరుగ్గా పోసి వదిలేస్తుంది. వాటిని పెద్దవి చేసి నున్నగా చెక్కి, పెద్ద వాల్వులు బిగిస్తే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. ఎంత గాలి పీలిస్తే అంత బలం. అయితే పోర్టు గోడకు అవతల పక్క నీళ్ళుంటాయి, ఇంజన్ని చల్లబరచడానికి. ఎక్కువ చెక్కితే గోడ చిల్లు పడుతుంది. తక్కువ చెక్కితే డబ్బిచ్చినవాడు తిడతాడు. ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం, అది మా బాపు కుడిచేతి చూపుడువేలి చివర ఉండేది. కళ్ళు మూసుకుని పోర్టులో వేలు పెట్టి, "ఇంక మూడు పొరలున్నయ్" అనేవాడు. మూడే ఉండేవి.

మార్చిలో నవీ ముంబైలో నా కాంట్రాక్టు ఉద్యోగం అయిపోయింది. ఏప్రిల్‌లో శైలేష్ వచ్చాడు.

శైలేష్ పుట్టింది మా చాళ్‌లోనే. ఇప్పుడు ఠాణేలో ఉంటాడు. బాపుని మామా అంటాడు. అతని దగ్గరొక పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది, జపాన్‌ది. ఆ కారు మా గల్లీలోకి పట్టదు. అందుకని ఫోరస్ రోడ్డులో ఆపి, హెడ్ ఒక్కటే దుప్పట్లో చుట్టి పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు.

"మామా, పోయిన రేసుల అర సెకండు. అర సెకండుతోని కొట్టిండు నన్ను ఆ పుణె పోరడు."

"అర సెకండుల నువ్వేం జేస్తవ్‌రా, తుమ్ముతవా?" అన్నాడు బాపు.

"మజాక్ చెయ్యకు మామా. వానలు పడకముందే మళ్ళ రన్ ఉన్నది, పాత ఏర్‌స్ట్రిప్ మీద. పైభాగం మొత్తం కొత్తగ చెయ్యాలె. పెద్ద వాల్వులు తెప్పించిన, క్యాములు తెప్పించిన. పోర్టులు మాత్రం నువ్వే కొట్టాలె. ఇంకెవ్వడు ముట్టినా నాకొద్దు."

"ఇంకెవ్వడున్నడు ముట్టెతందుకు? నేను, పెంటయ్య. ఇగో, ఇంజినీరమ్మ." నన్ను చూపించాడు.

"డిప్లొమా, బాపూ."

"అదే, సగం ఇంజినీరమ్మ."

శైలేష్ నవ్వలేదు. హెడ్ మీద చెయ్యి వేసి, "ఇసొంటిది మళ్ళ దొర్కదు మామా. కంపెనీ బంద్ చేసి ఇరవై ఏండ్లాయె" అన్నాడు.

బాపు వేలు పెట్టాడు. ఒకటో పోర్టు, రెండు, మూడు, నాలుగు. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. ఆయన అంతసేపు ఎప్పుడూ తీసుకోడు. హెడ్ గొప్పది కాబట్టి అనుకున్నాను.

పెద్ద వాల్వులు కూర్చోవాలంటే ముందు హెడ్‌లో కొత్త రింగులు దిగ్గొట్టాలి. దానికి మా పద్ధతి ఒకటుంది. గల్లీ మూలన పావ్ బేకరీ ఉంది. మధ్యాహ్నం పావ్‌లు దిగిపోయాక, బేకరీ గంగారాం మా హెడ్‌ని భట్టీలోకి తోస్తాడు. వేడికి హెడ్ బొక్కలు విచ్చుకుంటాయి. రింగుల్నేమో అమ్మ ఫ్రిజ్ పైఅరలో బఠాణీల పొట్లం పక్కన పెడతాం, చలికి ముడుచుకుంటాయి. బయటికి తీశాక నిమిషంలోపు రింగులు పడిపోవాలి. చల్లారితే అంతే సంగతులు.

ఆరోజు కూడా అంతే. హెడ్ రొట్టె వాసనతో బయటికొచ్చింది. బాపు గోనెగుడ్డతో పట్టి బల్ల మీద దించాడు, ఎడమచెయ్యి దాని మీద ఆనించి కదలకుండా పట్టుకున్నాడు. ఎప్పుడూ అలాగే పడతాడు. దాని గురించి గల్లీలో కథలుండేవి. శివరాం సేఠ్ చేతికి నిప్పు తెలీదని, మరిగే నూనెలోంచి భజియా చేత్తో తీశాడని. చిన్నప్పుడు నేను స్కూల్లో కూడా చెప్పుకున్నాను, మా నాన్నకు కాలదు అని.

నేను రింగులు అందిస్తున్నాను. టక్. టక్. టక్. పదహారు రింగులు. ఒక్కటీ తేడా పోలేదు.

"వా, సేఠ్!" అన్నాడు గంగారాం. "ఉఫ్ అనలే చూడు!"

బాపు చెయ్యి తీశాడు. హెడ్ మీద ఏదో ఉండిపోయింది. మూడు వేళ్ళ చివర్ల చర్మం. తెల్లగా, పల్చగా. ఎంత పల్చగా అంటే, మా ఇంటి కొలతల్లో దేన్నీ దానికి వాడాలనిపించలేదు.

బాపు ముందు నా ముఖం చూశాడు. తర్వాత నేను చూస్తున్న చోటు చూశాడు. ఆఖరికి తన చేతిని చూసుకున్నాడు.

"అరే" అన్నాడు, చొక్కా గుండీ ఊడితే అన్నట్టు.

బాపుకి షుగర్ పరీక్ష అని అమ్మతో చెప్పి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ బాపుని కళ్ళు మూసుకోమంది. ఒక్కో వేలి మీదా సూదితో తాకుతూ ఎక్కడ, ఎక్కడ అని అడిగింది. బాపు ఊహించి చెబుతున్నాడు, క్లాసులో లెక్క రాని పిల్లాడిలా. ఎడమచెయ్యి అయిపోయాక కుడిచెయ్యి. చూపుడువేలు దగ్గర, "ఇంకా పెట్టలే గద?" అన్నాడు. సూది అప్పటికే వేలి మీద ఉంది.

"గ్రైండర్ మెషీన్ ఎన్నేళ్ళ నుంచి పడుతున్నారు?" అని మరాఠీలో అడిగింది.

"ముప్పై రెండు."

ఆ అదురుకే నరాలు చచ్చిపోయాయంది. ఒక్కరోజులో కాలేదు, చాలా ఏళ్ళుగా పోతూ వచ్చాయి. తిరిగి రావు. ఈరోజు నుంచి మెషీన్ ముట్టొద్దు.

బాపు నా వైపు వంగి, "ఉల్లిపొర తెలుస్తదా లేదా అడుగు" అన్నాడు.

నేను మరాఠీలో అడిగాను, ఉల్లిగడ్డ తొక్కంత మందం వేలికి తెలుస్తుందా అని. డాక్టరమ్మ నన్నోసారి, ఆయన్నోసారి చూసింది.

"ఈయన వంట పని చేస్తారా?"

బయటికొచ్చి బస్‌స్టాపులో నిలబడ్డాం. మూడు బస్సులు పోనిచ్చాడు.

"ఈ ఒక్క హెడ్ కానీ బిడ్డా. శైలేష్‌ది అయినంక బంద్. అమ్మకు జెప్పకు. పెంటయ్యకు అసలే జెప్పకు."

"తెలీకుండా ఎట్లా చేస్తావ్ బాపూ?"

"ముప్పై రెండేండ్లు జేసిన. చెయ్యి మరిస్తే తలకాయ మరుస్తదా?"

నేను వద్దనాలి. అప్పుడే అనాలి. నాలుగో బస్సు వచ్చింది, ఎక్కేశాం.

మే నెలంతా గ్రైండర్ మోగింది. బాపు ఒక్కో పోర్టు ముందు బల్ల మీద సుద్దముక్కతో గీతలు గీస్తాడు. ఇంకా ఎన్ని పొరలు తీయాలో అన్ని గీతలు. పొర తీసినప్పుడల్లా బొటనవేలితో ఒక గీత చెరుపుతాడు. గీతలన్నీ పోయాక, గోడకున్న దేవుడి పటం ముందు భరిణెలోంచి కుంకుమ తీసి పోర్టు అంచున బొట్టు పెడతాడు. బొట్టు పడిందంటే ఆ పోర్టు పూర్తయింది. ఇక దాంట్లో ఎవరూ వేలు కూడా పెట్టకూడదు, ఆయనతో సహా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే నియమం.

ఆ నెలలో ఆయన వేలు పెట్టి చూడడం తగ్గింది. టార్చి వేసి చూడడం ఎక్కువైంది. ఒక్కోసారి చెవి దగ్గరగా పెట్టి గ్రైండర్ చప్పుడు వినేవాడు. ఒకటో పోర్టుకి బొట్టు పడింది. రెండోదానికి పడింది. నాలుగోది కూడా అయింది. ఒక శుక్రవారం అన్నానికి పైకి వెళ్ళేముందు మూడోదానికి బొట్టు పెట్టాడు.

నేను బల్ల వైపు చూశాను. మూడో పోర్టు ముందు నాలుగు గీతలు ఇంకా ఉన్నాయి.

లోపల గేజ్ పెట్టి చూశాను. మిగతా మూడింటి కన్నా ఇరుకు. అంటే బాపుకి లెక్క తెలుసు, కానీ తీస్తుంటే తీసిందో లేదో చేతికి తెలియలేదు. భయపడి ఆపేశాడు. ఆపేసి బొట్టు పెట్టాడు. మా బాపు అబద్ధపు బొట్టు పెట్టడం నేను చూడలేదు. ఆ నాలుగు గీతల్ని చెరపడం మాత్రం ఆయనకు చేతకాలేదు.

మర్నాడు ఆయన అన్నానికి వెళ్ళగానే నేను గ్రైండర్ తీసుకున్నాను.

"బొట్టు వెట్టిన పోర్టు గదనే అది."

పెంటయ్య కాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనది మహబూబ్‌నగర్ పక్క పల్లె. భవనాల పనికొచ్చి, పరంజా మీంచి పడి కాలు విరిగాక మా దగ్గర చేరాడు. పన్నెండేళ్ళయింది.

నేను గ్రైండర్ దించలేదు. "కాకా, బాపు చెయ్యి..."

"ఎరుకే."

"ఎప్పటి నుంచి?"

"ఏడాది దాటె. నువ్వు నౌకరికి వోతుంటివి గద, నీకెట్ల ఎరుకైతది? సేఠ్ అన్నానికి వొయినంక నేనే సాఫ్ జేస్తుంటి. బొట్టు తుడ్సుడు, మిగిలింది తీసుడు, మళ్ళ బొట్టు వెట్టుడు. ఒక్క హెడ్ వాపస్ రాలే."

"బాపుకి తెలుసా?"

"తెలిస్తే జెయ్యనిస్తడా? నన్ను గల్లీ దాటిస్తడు."

"మరి దీన్నెందుకు వదిలేశావ్?"

ఆయన కళ్ళు రుద్దుకున్నాడు. "కండ్లల్ల పొరలొచ్చినయ్ బిడ్డా. బొక్కల జూస్తే నల్లగ తప్ప ఏం గానొస్తలేదు. ఏం జెయ్యాల్నా అనుకుంటున్న, నువ్వు అందుకున్నవ్."

అదీ మా వర్క్‌షాపు. చెయ్యి లేని ఒకరు, చూపు లేని ఒకరు, డిప్లొమా ఉన్న ఒకర్తె.

"ఎంత తీస్తవ్?" అన్నాడు.

"నాలుగు ఉల్లిపొరలు. బాపు గీతలు నాలుగున్నాయి."

"నాలుగైతె మంచిదే. ఐదుకు వోకు. ఆడ గోడ పల్చన."

"పోను కాకా. ఒట్టు."

పోలేదు. నా ఫోన్లో లెక్క వేసుకున్నాను, నాలుగు ఇంటూ 0.18. 0.72. గేజ్ పెట్టి చూసుకుంటూ, కొద్దికొద్దిగా తీసుకుంటూ, సరిగ్గా 0.72 దగ్గర ఆపాను. రెండుసార్లు కొలిచాను. కాలేజీలో గానీ కంపెనీలో గానీ అంత కచ్చితంగా నేను ఏ పనీ చేయలేదు. పెంటయ్య కాకా మెట్ల వైపు కాపలా కాశాడు. ఆఖర్న కుంకుమ పెట్టాను. నా బొట్టు బాపు బొట్టు కంటే గుండ్రంగా వచ్చింది. అందుకని కాస్త చెరిపాను.

ఆ సాయంత్రం బాపు తన నియమం తనే తప్పాడు. బొట్టు పెట్టిన మూడో పోర్టులో వేలు పెట్టాడు. కళ్ళు మూసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మంచిగయ్యింది" అన్నాడు.

బల్ల మీద గీతలు లేవు. ఎవరు చెరిపారని అడగలేదు. తనే చెరిపి మర్చిపోయాననుకున్నాడేమో. నాకు ఎంత సంతోషమేసిందంటే, పైకెళ్ళి అమ్మకు సాయం చేసి ఇరవై చపాతీలు ఒత్తాను.

జూన్ మొదటి వారంలో హెడ్‌ని నీళ్ళలో పెట్టి చూసే రోజు వచ్చింది. ఆకాశం నల్లగా ఉంది కానీ వాన ఇంకా దిగలేదు. శైలేష్ పొద్దున్నే వచ్చేశాడు. రన్ ఆదివారం.

హెడ్‌కి నీళ్ళు తిరిగే దారులన్నీ ప్లేట్లతో బిగించి, లోపలికి గాలి కొట్టి, నీలం డ్రమ్ములో ముంచుతాం. ఎక్కడైనా చిల్లుంటే బుడగలొస్తాయి. టైర్ పంక్చర్ చూసినట్టే. మా దగ్గర అదొక లాంఛనం. నాకు తెలిసి ఆ డ్రమ్ములో ఎప్పుడూ బుడగలు రాలేదు.

బాపూ శైలేషూ ముంచారు. నీళ్ళు నిలకడగా అయ్యాయి. శైలేష్ వేసవంతా ఎదురుచూసినవాడు, అప్పుడే ఫోన్ తీసి ఫొటో తీసుకోబోయాడు.

ఒక బుడగ వచ్చింది.

"ముంచినప్పటి గాలి" అన్నాడు పెంటయ్య కాకా. ఆయనకు కనిపించలేదు, చప్పుడు విన్నాడు.

ఇంకొకటి వచ్చింది. తర్వాత వరసగా, సన్నగా, దారంలాగా. మూడో పోర్టులోంచి.

పై అంతస్తులో ఎవరిదో కుక్కర్ కూసింది. బాపు డ్రమ్ము అంచు పట్టుకుని ఆ దారాన్నే చూస్తున్నాడు.

"నా చెయ్యే" అన్నాడు.

"బాపూ..." అన్నాను. పెంటయ్య కాకా చెయ్యి వెనక నుంచి నా జబ్బ పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. నేనే చేశానని చెబితే, ఎందుకు చేశావని అడుగుతాడు. ఎందుకో చెబితే, ఏడాదిగా తన బొట్లన్నీ వేరేవాళ్ళు తుడిచి పెట్టినవని తెలుస్తుంది, అదీ శైలేష్ ముందు. నోరు మూసుకున్నాను. ఆ పూట అది దయ అనుకున్నాను.

శైలేషే ముందు తేరుకున్నాడు. మంచివాడు, ఆ మాట చెప్పాలి. "ఏం గాలే మామా. చిన్న చిల్లే గద. ఆర్గాన్ వెల్డింగ్ కొట్టిద్దాం. ఈ రన్ పోతె పోనీ, వానలైనంక ఇంకోటి ఉంటది."

"కొట్టొచ్చు" అన్నాడు బాపు. "వెల్డింగ్ కొట్టినంక ఆ పోర్టు మళ్ళ చెక్కాలె. ధారావిల మంచి చెయ్యున్నోళ్ళు ఉన్నరు. పేరు చెప్త, తీస్కపో."

"గదేంది మామా? నువ్వే..."

"నా చేతికి తెలుస్తలేదురా."

అంత మామూలుగా అన్నాడు. హెడ్‌ని నీళ్ళలోంచి ఎత్తి బల్ల మీద పెట్టాడు. తడిసిన బొట్లని నాలుగింటినీ బొటనవేలితో తుడిచేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు మెట్ల మీద ఏదో దొర్లిన చప్పుడైంది. అమ్మ. మార్కెట్ నుంచి వచ్చి ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో, చేతిలోని సంచి వదిలేసింది. ఉల్లిగడ్డలు ఒక్కో మెట్టూ దిగుతూ వర్క్‌షాపులోకి వచ్చాయి.

"ఏంది తెలుస్తలేదు?" అంది.

పెంటయ్య కాకా ఒక్కడే వంగి, తడుముకుంటూ ఉల్లిగడ్డలు ఏరడం మొదలుపెట్టాడు.

వానలు పడ్డాయి. ఆ రెండు నెలల్లో జరిగినవి త్వరగా చెప్పేస్తాను, అవి త్వరగానే జరిగాయి. వర్క్‌షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్మేవాడున్నాడు. గోడ మీద నా రాత అలాగే ఉంది, దాని మీద మేకు కొట్టి కవర్లు వేలాడదీశాడు. పెంటయ్య కాకా కళ్ళ ఆపరేషన్‌కని ఊరికి పోయాడు. పోయేటప్పుడు బాపు పాత గ్రైండర్ అడిగి తీసుకున్నాడు. దాంతో ఊళ్ళో ఏం చేస్తాడో నాకు తెలీదు. శైలేష్ హెడ్‌కి వెల్డింగ్ కొట్టించాడు, కారు బాగానే నడుస్తుందని విన్నాను. అర సెకండు సంగతి అడగలేదు.

అమ్మ మెస్ నడుపుతుంది, పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు. బాపు దాంట్లో చేరాడు. మొదటివారం కూరగాయలు కోశాడు. వేలు తెగి రక్తం కారుతుంటే టమాటాలనుకుని కోస్తూనే ఉన్నాడు. అమ్మ అరవలేదు. కత్తిపీట తీసుకెళ్ళి మంచం కింద పెట్టేసింది. అప్పటి నుంచి ఆయనకు ఉల్లిగడ్డలు ఒలిచే పని మాత్రమే ఇచ్చింది. రోజుకు ఐదు కిలోలు. డాక్టరమ్మ ముందే చెప్పింది, వంట పని అని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. బయట వాన. నేను కిటికీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగాలకు అప్లికేషన్లు నింపుతున్నాను. బాపు నేల మీద కూర్చుని ఒలుస్తున్నాడు. ఆయన చుట్టూ ఎర్రటి తొక్కలు గుట్టగా పడి ఉన్నాయి, ఫ్యాన్ గాలికి గది అంతా తిరుగుతున్నాయి. ఆయన్ని నవ్వించి చాలా రోజులైంది. ఒక తొక్క పట్టుకుని గాల్లో ఊపాను.

"బాపూ, చూడు. ఒకప్పుడు లెక్కపెట్టి ఒక్కోటి తీసేవాడివి. ఇప్పుడు నీ పొరలు కిలోల లెక్కన పోతున్నాయి."

నవ్వలేదు. "పొరలేడియి? అది పొట్టు గదనే."

"రెండూ ఒకటే కదా."

"ఒకటెట్లయితయే?" అన్నాడు. "తెలుగు గూడ మరాఠీల జదివినవా నువ్వు?"

ఒలిచిన ఉల్లిగడ్డ ఒకటి తీసుకుని చేత్తోనే విరిచాడు. ఒక రెబ్బ విడదీసి, దాని లోపలి వైపు గోటితో గీరాడు. మొదటిసారి చిరిగిపోయింది. రెండోసారి లేచింది. రెబ్బకి అంటుకుని ఉన్న సన్నటి తడి పొర, అవతలి వైపంతా కనిపించేంత పల్చన. అది తన వేలి మీదికి వచ్చిందో లేదో ఆయనకు తెలియలేదు. కిటికీ వెలుతురుకు వేలెత్తి చూసుకున్నాడు. ఉంది. నా చెయ్యి పట్టుకుని చూపుడువేలి మీద అంటించాడు.

"గిదీ పొర. పైది పొట్టు. మా నాయన గచ్చు మీద ఇంత ఎత్తుపల్లం ఉన్నా ఊకోకపోతుండె."

మైక్రోమీటర్ నా బ్యాగులోనే ఉంది. దాంతో కొలవాల్సిన అవసరం లేదు. వేలికి తెలిసిపోయింది. అయినా కొలిచాను. 0.04.

నాలుగు ఇంటూ 0.04. నాలుగు ఇంటూ 0.18. ఈసారి ఫోన్ తీయలేదు.

"ఎంతొచ్చింది?" అన్నాడు బాపు, ఇంకో ఉల్లిగడ్డ అందుకుంటూ.

ల్యాప్‌టాప్ మూసేశాను. జూన్‌లో దయ అనుకున్నది ఇప్పుడు ఏమనిపిస్తోందో చెప్పలేను.

"బాపూ, మూడో పోర్టుకి చిల్లు పెట్టింది నువ్వు కాదు."

చేతిలో పని ఆపలేదు. నేను చెప్పాను. నాలుగు గీతలు, గోడ మీద రాత, 0.72. చెబుతున్నంతసేపూ ఒలుస్తూనే ఉన్నాడు.

"బొట్టు వెట్టినంక ముట్టినవా?"

"ముట్టాను."

"పెంటయ్య చూసిండా?"

"చూశాడు. ఎన్ని పొరలని అడిగాడు. నాలుగు అన్నాను. సరే అన్నాడు."

"వాడు పొర అనుకుండె."

"ఆఁ."

"వాడు గూడ ముట్టిండా? ఎన్నడన్న?"

"లేదు" అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. టార్చి వేసి పోర్టులోకి చూసినట్టు చూశాడు. ఇంకేమీ అడగలేదు.

"నాలుగు గీతలకు నాలుగే తీసినవా?"

"నాలుగే. పొట్టు లెక్కన."

"పొర లెక్కన తీస్తే నిలుస్తుండె."

"నిలిచేది బాపూ."

కాలిన వేళ్ళ మీద కొత్త చర్మం నున్నగా, గులాబీరంగులో మెరుస్తోంది. వాటిని చూసుకున్నాడు. తర్వాత వంటింటి వైపు తల తిప్పాడు.

"మంగళా! నా లెక్క కరెక్టే ఉండెనట!"

పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది. "ఏ లెక్క?" అంది అమ్మ లోపల్నుంచి. "ఇంక రెండు కిలోలున్నయ్. జల్ది కానీ, వాళ్ళొచ్చే యాళ్ళయింది."

"ఆఁ, కానిస్తున్న" అన్నాడు బాపు. ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాడు.

మైక్రోమీటర్ దవడలకు అంటుకున్న పొరని వేలితో తుడిచాను. వేలికి అంటుకుంది. విదిలిస్తే పోలేదు. కాసేపటికి ఆరి కనిపించకుండా పోయింది. వేలికి మాత్రం తెలుస్తూనే ఉంది.